ఎడమ పక్కన నిలబడేవాడు

మా నాన్న దొరగారికి ఎడమ పక్కన నిలబడేవాడు. ఆదివారం సాయంత్రం నెల్లూరు మిషను చర్చి ఆరాధనలో ఆ తెల్లదొరగారు ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగేవారు. నాన్న దాన్ని తెలుగులో చెప్పి ఆగేవాడు. మళ్లీ దొర, మళ్లీ నాన్న. ఇద్దరు మనుషులు ఒకే రంపాన్ని చెరో కొస పట్టుకుని లాగినట్టు ప్రసంగం అటూ ఇటూ నడిచేది. కింద చాపల మీద కూర్చున్న మా సంఘంలో ఎక్కువమందికి ఇంగ్లీషు అక్షరం తెలియదు. అయినా ఇళ్లకు నడిచిపోతూ ప్రసంగమంతా మళ్లీ ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. నాకు ఇంగ్లీషు అబ్బింది బడిలో కాదు, ఆ చాప మీద.

నాన్నకు ఒక కట్టుబాటు ఉండేది. తనకు అర్థం కాని వాక్యాన్ని తెలుగులో చెప్పేవాడు కాదు. దొరగారి మాట అంతుపట్టకపోతే సంఘమంతా చూస్తుండగానే ఆయన కోటు చెయ్యి పట్టుకుని ఆపేవాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకునేవాళ్లు. సంఘం ఓపికగా ఎదురుచూసేది. చిన్నప్పుడు నాకు అది నామోషీగా ఉండేది. ఒకసారి ఆ మాటే అన్నాను. "సిగ్గుపడి ఏదో ఒకటి చెప్పేస్తే అది అబద్ధ సాక్ష్యం అవతాది రా" అన్నాడు నాన్న. భాషల్లో మాట్లాడేవాడు ఉంటే అర్థం చెప్పేవాడు కూడా ఉండాలని, లేకపోతే ఆ మాట్లాడేవాడు సంఘంలో మౌనంగా ఉండాలని లేఖనం పెట్టిన నియమాన్ని ఆయన అక్షరాలా పాటించాడు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక ఆ ఎడమ పక్కన నేను నిలబడ్డాను.

ఇంటర్మీడియెట్ పోయి పి.యు.సి. వచ్చిన కొత్తలో నేను నెల్లూరులో ఒక కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా చేరాను. నాకు సి సెక్షను ఇచ్చారు. ఏ, బి సెక్షన్లలో టౌను పిల్లలు ఉండేవాళ్లు. సి సెక్షనంతా ఎస్.ఎస్.ఎల్.సి. దాకా తెలుగులో చదివి వచ్చినవాళ్లే. కోవూరు పక్క నుంచి, అల్లూరు నుంచి, మైపాడు నుంచి, ఇంకా లోపలి పల్లెల నుంచి వచ్చిన రైతుల పిల్లలు, సముద్రం మీద బతికేవాళ్ల పిల్లలు. వాళ్ల ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి వాళ్లే. వాళ్లకు నేను ఇంగ్లీషులో ఫిజిక్సు చెప్పాలి. అది యూనివర్సిటీ నిబంధన.

ఆ మొదటి నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒంట్లో చిరాకు పుడుతుంది. నేను మాట్లాడుతుంటే వాళ్లు తలలు వంచుకుని రాసుకుంటూ పోయేవాళ్లు. "అర్థమైందా?" అని అడిగితే అందరూ ఒక్క గొంతుతో "అయింది సార్" అనేవాళ్లు. నిదానంగా చెప్పి చూశాను. నల్లబల్ల మీద ప్రతి ముక్కా రాసి చూశాను. బొమ్మలు వేశాను. పరీక్ష పెట్టాను. ఉష్ణం అంటే ఏమిటని అడిగితే ఒకడు, ఉష్ణం శక్తి యొక్క ఒక రూపం, దయచేసి ఆ కిటికీ మూయండి, కాగితాలు ఎగురుతున్నాయి, అని చక్కటి ఇంగ్లీషులో రాశాడు. ఆ రోజు పాఠం మధ్యలో గాలి వస్తే నేను అన్న మాట అది. వాడొక్కడు కాదు, ఆ బెంచీ బెంచీ అట్లాగే రాసింది. ఎర్ర సిరాతో కొట్టేయబోయి కలం కింద పెట్టేశాను. కొట్టేయాల్సింది వాళ్ల జవాబును కాదు, నా పాఠాన్ని.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నా ముందు ఇద్దరు ఆడవాళ్లు ప్రసంగంలో ఒక మాట మీద పోట్లాడుకుంటూ నడుస్తున్నారు. "దొర అట్టా అనలేదు మే, ముందు క్షమించు, ఆనక అడుగు అన్నాడు" అంటుంది ఒకామె. "లేదక్కా, అడిగినాకనే" అంటుంది రెండో ఆమె. పొలం పనికి పోయేవాళ్లు, ఇంగ్లీషు ప్రసంగం మీద వాదించుకుంటున్నారు. నా సెక్షనులో ఒక్కడూ నాతో ఒక్క మాట మీద వాదించలేదు. వీళ్లకు ఉండి వాళ్లకు లేనిది ఏమిటని ఇల్లు చేరేదాకా ఆలోచించాను. ఎడమ పక్కన మనిషి లేడు, అంతే.

సోమవారం క్లాసులో చెప్పాను. "ఇయాళ్టి నుంచి రోజుకొకరు వచ్చి నా ఎడం పక్కన నిలబడాలి. నేను ఒక వాక్యం చెప్పి ఆగతాను. మీరు దాన్ని తెలుగులో చెప్పాలి. అర్థం కాకపోతే నా చెయ్యి పట్టుకుని ఆపాలి. తెలియకుండా చెప్పకూడదు. తప్పు చెప్తే కింద కూర్చున్నోళ్లు లేచి దిద్దాలి."

ఎవరూ కదల్లేదు. వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "మీ చెయ్యి పట్టుకోవాల్నా సార్?"

"పట్టుకోవాల."

"అయితే మీ చెయ్యి ఊడిపోతాది సార్."

మొదటి వారం నిజంగానే నా చొక్కా చెయ్యి నలిగిపోయింది. కానీ ఆ చెయ్యి పట్టుకున్న ప్రతిసారీ ఎక్కడ దారి తప్పారో నాకు తెలిసింది. క్లాసు తల ఎత్తింది. పక్కన నిలబడినవాడు ఎక్కడ దొరికిపోతాడా అని అందరూ చెవులు రిక్కించి వినడం మొదలుపెట్టారు. మా సంఘం కుర్రవాడు ఒకడు స్పిరిట్ ల్యాంపును ఆత్మ దీపం అని తర్జుమా చేశాడు. వాడికి ఆ ఇంగ్లీషు మాట ఆదివారం తప్ప ఇంకెక్కడా తగల్లేదు పాపం. ఆ ఏడాదంతా లాబొరేటరీలో అది ఆత్మ దీపమే. "ఆత్మ ఆరిపోయింది, అగ్గిపెట్టె ఇట్టియ్యి" అని అటెండరు కూడా అనేవాడు. నాకు కొంచెం గుచ్చుకునేది, అయినా నవ్వు వచ్చేది.

మైపాడు నుంచి వచ్చిన విద్యార్థి వంతు వచ్చిన రోజు చలనం మీద పాఠం. వాళ్లది పడవల మీద బతికే కుటుంబం. మనిషి పొట్టి, గొంతు మాత్రం సముద్రం మీద కేకేయడానికి పనికొచ్చే గొంతు. నేను మొదటి వాక్యం చెప్పాను. ఎ బాడీ ఎట్ రెస్ట్ రిమెయిన్స్ ఎట్ రెస్ట్. ఆగాను.

వాడు ఏమాత్రం తడుముకోకుండా, "కదలకుండా పడుండే శవం అట్నే పడుంటాది" అన్నాడు.

క్లాసు గొల్లుమంది. వాడు బిత్తరపోయి నా వైపు చూశాడు.

"శవం యాడనుంచి వచ్చిందయ్యా?" అన్నాను.

"మీరే గదా సార్ బాడీ అనింది. మా ఊర్లో బాడీ అంటే అదే. తుపాను పోయినాక ఒడ్డుకు కొట్టుకొస్తే, బాడీ వచ్చింది, పోలీసోళ్లు వచ్చిందాకా ఎవురూ కదిలించబాకండి అంటారు."

నవ్వు ఆగిపోయింది. సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లెవరూ ఆ మాటకు నవ్వలేదు.

"సరే, ఎవురూ కదిలించకపోతే?"

"కదిలించకపోతే అదెట్టా కదలతాది సార్, అట్నే ఉంటాది."

"నీళ్లలో పోతా ఉంటే?"

"పోతానే ఉంటాది. వలో, ఒడ్డో, ఏదో ఒకటి అడ్డం తగిలిందాకా."

అలలూ ప్రవాహమూ లాగుతాయి, అది వేరే సంగతి, ఆ తర్వాత విడమరచి చెప్పాను. కానీ నియమంలో రెండో సగం నేను ఇంకా చెప్పనే లేదు. వాడు ముందే చెప్పేశాడు. వెనక బెంచీ వాడు ఒకడు లేచి, "సార్, మరి దర్జీ కుట్టే బాడీ సంగతేంది?" అన్నాడు. మళ్లీ గోల. ఆ గోలలోనే అందరం కలిసి బాడీకి వస్తువు అని ఖాయం చేసుకున్నాం. ఆ నియమాన్ని సి సెక్షనులో ఒక్కడు కూడా మర్చిపోలేదు.

నాకు మాత్రం ఆ వాక్యం ఇంకోలా కూడా వినిపించింది. మా సమాధుల దొడ్డిలో రెస్ట్, అంటే విశ్రాంతి, అనే మాటకు వేరే అర్థం ఉంది. అక్కడ పడుకున్న శరీరాలు బయటి నుంచి ఒక శక్తి వచ్చి లేపేదాకా అట్లాగే ఉంటాయి, లేపుతుందని మేం నమ్ముతాం. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. క్లాసు అందుకు చోటు కాదని మింగేశాను. మింగడం అప్పటికి తేలికే.

మరుసటి రోజు ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ కాలేజీ కోసం ఊరూరా తిరిగి ఇల్లూ వాకిలీ మరిచిపోయిన మనిషి.

"ఏంది మాస్టారూ, మీ క్లాసులో శవాలేంది?"

చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మీ క్లాసులో రెండు గొంతులు వినపడతా ఉండాయి. ఒకరు చెప్పేది, ఒకరు అందుకునేది. వరండాలో పోయేవాళ్లు లోపల ఏం కూటం జరగతా ఉందని అడగతా ఉండారు."

"పాఠమే సార్. వాళ్లకి అర్థమవతా ఉంది. మీరే వచ్చి అడిగి చూడండి."

"అర్థం కావడం లేదని నేనన్నానా? యూనివర్సిటీ కమిషన్ వస్తా ఉంది. మన కాలేజీకి బియస్సీ అడిగి ఉండాము. ఇంగ్లీషు మీడియం అని కాగితం మీద రాసిచ్చి, క్లాసులో తెలుగులో అరస్తా ఉంటే వాళ్లేమనుకుంటారు? ఇంకోటి. రేపు ఏ తండ్రో వచ్చి, మా పిల్లకాయని చర్చిలో నిలబెట్టినట్టు నిలబెట్టినారే అంటే నేనేం చెప్పేది? మీరు మంచోళ్లే. మీ పద్ధతి మాత్రం కాలేజీది కాదు."

"మార్చి పరీక్ష దాకా అన్నా ఉండనీండి సార్."

"కమిషన్ వచ్చి పోయిందాకా ఆపండి. తర్వాత చూస్తాం."

ఆపాను. కమిషన్ వచ్చింది. కోటు వేసుకున్న పెద్దాయన, ఆయన వెనక ఇంకా కొందరు, ప్రిన్సిపాల్ గారు మా క్లాసు వెనక వచ్చి నిలబడ్డారు. ఈ రోజు ఎవరూ లేవకూడదని పిల్లలకు ముందే చెప్పి ఉంచాను. పాఠం మొదలుపెట్టి ఒక వాక్యం చెప్పాను. చెప్పి, అలవాటు కొద్దీ ఆగాను. ఆ ఆగడమే పిలుపు. మైపాడు వాడు దిగ్గున లేచి గబగబా వచ్చి నా ఎడమ పక్కన నిలబడ్డాడు. నిలబడ్డాక వాడికి గుర్తొచ్చింది.

పెద్దాయన ఇంగ్లీషులో ఇతను ఎవరని అడిగారు. దాచడానికి ఏముంది, ఇంటర్‌ప్రెటర్ అని చెప్పాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఇదేమన్నా కోర్టా, అని ఇంగ్లీషులోనే అడిగారు. నేను నోరు తెరిచేలోగా మా వాడు, "నో సార్, ఫిజిక్స్ సార్" అన్నాడు.

అంతా నవ్వారు. పెద్దాయన వాడి భుజం తట్టి నవ్వుకుంటూ వెళ్లిపోయారు. కాలేజీకి బియస్సీ వచ్చింది. నేను సంతోషంగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. అడిగింది ఇచ్చారు గదా సార్, ఇక మళ్లీ మొదలుపెడతానన్నాను.

"ఇచ్చినారు గనకనే వద్దు" అన్నారాయన. "ఇచ్చినోళ్లు తీసుకోనూ గలరు. నవ్వి పోయినారు, అది చాలు. ఇంక ఆ మాట ఎత్తబాకండి."

ఆ మాట నన్ను ఎంత కాల్చిందో చెప్పలేను. ఇవ్వకపోయి ఉంటే నా వల్ల పోయిందని అనేవాళ్లు. వచ్చినా నా పద్ధతి పోవాల్సిందే. ఏ దారిన వెళ్లినా గోడే. క్లాసులో మళ్లీ తలలు వంగాయి. నేను అలవాటుగా వాక్యం చివర ఆగేవాణ్ణి. ఆ ఆగిన చోట ఏ గొంతూ వచ్చేది కాదు. కలాల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు.

మైపాడు వాడు ఒకరోజు మెట్ల మీద ఆపాడు. "సార్, మళ్లా గాలి తోలినట్టు ఉండాది. వినపడతాది, పట్టుకోను ఏమీ ఉండదు. మా నాయన మార్చి దాకా టైమిచ్చినాడు. పాసైతే చదువు, తప్పితే పడవ. ఏం జేసేది?"

ప్రార్థన చేస్తానన్నాను. వాడు తల ఊపి వెళ్లిపోయాడు. నాకు అది నిజమైన జవాబే, వాడికి మాత్రం అది కాదని తెలుస్తూనే ఉంది.

తర్వాతి ఆదివారం సాయంత్రం దొరగారి ఎడమ పక్కన నిలబడి తల ఎత్తేసరికి, మందిరంలో వెనక గోడ వారగా వేసిన బెంచీ మీద మైపాడు వాడూ, వాడి వెంట సి సెక్షను వాళ్లు ఇంకొందరూ కనిపించారు. నాకు ఇంగ్లీషు ఎక్కడ వచ్చిందో ఒకసారి క్లాసులో చెప్పాను. గుర్తుపెట్టుకున్నారు. దొరగారు వాక్యం చెప్పి ఆగగానే వాళ్ల పెదవులు కదిలేవి. తమలో తాము తెలుగు చేసుకుని, నేను చెప్పింది విని, సరిపోతే ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్లు. ఆ రోజు నేను చేసినంత మంచి తర్జుమా అంతకు ముందు చేయలేదు. తిరిగి వచ్చేటప్పుడు దేవునికి స్తోత్రం చెప్పాను. కాలేజీలో మూసిన తలుపును ఆయన ఇక్కడ తెరిచాడనుకున్నాను.

మా పాస్టరు అయ్యగారు నాకంటే ఎక్కువ సంతోషించారు. పట్టణంలో ఆయన ఎంత కష్టపడినా చదువుకునే కుర్రవాళ్లు మందిరంలో అడుగుపెట్టలేదు. ఇప్పుడు బెంచీ నిండా వస్తున్నారు. కొన్ని వారాలు చూసి, ఒక సాయంత్రం ఆరాధన చివర వాళ్ల వైపు చేతులు చాపారు.

"నాయనా, మీ హృదయంలో ఏం జరగతా ఉందో లేచి సంఘానికి ఒక్క మాట చెప్పండి."

మైపాడు వాడు లేచాడు. కాలేజీలో నేను పెట్టిన కట్టుబాటు వాడికి వంటబట్టింది, తెలియనిది చెప్పడు. "ఇంగ్లీషు అర్థమవతా ఉందయ్యా" అన్నాడు. "కాలేజీలో ఆపేసినారు. ఈడ ఆపలేదు. చాలా సంతోషం."

ఆడవాళ్ల వైపు కిసుక్కుమన్నారు. వాడు ఏమన్నాడని దొరగారు నన్ను ఇంగ్లీషులో అడిగారు. తర్జుమా చేయాల్సింది నేనే. చేశాను. దొరగారు కూడా నవ్వారు. అయ్యగారు మాత్రం నవ్వలేదు. ఆరాధన అయ్యాక నన్ను పక్క గదిలోకి పిలిచారు.

"దేవుని మందిరాన్ని ట్యుటోరియల్ చేసినావు."

"వినేదానికి వచ్చినారు గదయ్యా. వినకుండా విశ్వాసం ఎట్టా వస్తాది?"

"చెవి ఇంగ్లీషు మీద ఉంటే మనసు యాడుంటాది? నువ్వు వాళ్లని ఒక్కసారన్నా అడిగినావా, ప్రభువుని నమ్ముతారా అని?"

"లేదయ్యా."

"ఎందుకని?"

వాళ్లు నా విద్యార్థులు, నేను అడిగితే మార్కులు వేసే చెయ్యి అడిగినట్టు ఉంటుంది, అన్నాను. ఆయన నమ్మలేదు. భయమన్నారు. భయం కాదని నాకు తెలుసు. కానీ వాళ్లు రక్షణ పొందాలని ఆయన ఎంత కోరుకున్నారో నేనూ అంతే కోరుకున్నాను. తెల్లవారి లేచి ఒక్కొక్కరి పేరూ చెప్పి మోకాళ్ల మీద ఉండేవాణ్ణి. అది పక్క గదిలో వాదనగా చెప్పుకునే సంగతి కాదు.

ఆ కిసుక్కుమన్న నవ్వు మందిరంలోనే ఆగలేదు. చేపల బజారు దాకా వెళ్లింది, అక్కడి నుంచి మైపాడు బస్సెక్కింది. దారిలో దాని రూపం మారింది. కాలేజీ సారు పిల్లకాయల్ని చర్చిలో కలిపేస్తున్నాడని ఊరు చేరింది.

మరుసటి ఆదివారం వాడి తండ్రి వచ్చాడు. మందిరం గేటు దగ్గరే నిలబడ్డాడు. నల్లగా, ఎత్తుగా, తలకు తువ్వాలు. ఆరాధన జరిగినంతసేపూ అక్కడే నిలబడి దొరగారి గొంతూ నా గొంతూ విన్నాడు. నేను బయటికి వచ్చేసరికి కొడుకు చెయ్యి పట్టుకుని ఉన్నాడు. వెనక గుమ్మంలో అయ్యగారు నిలబడి ఉన్నారు.

"తమరేనా సార్, మావాడికి పాఠం చెప్పేది?"

"నేనే అన్నా. లోపలికి రండి."

"ఈడ్నే మాట్లాడుకుందాం. కలిపేసినారా మావాడ్ని?"

"నాయనా, నేను ఇంగ్లీషు కోసరం..." అన్నాడు కొడుకు.

"నువ్వుండ్రా. నేను సారునడగతా ఉండా."

"లేదన్నా" అన్నాను. "నేను వాణ్ణి ఆ మాట అడగనే లేదు."

"అడగలేదు, సరే. కలపాలని మనసులో ఉండాదా, లేదా?"

ఆ ప్రశ్న అట్లా సూటిగా వస్తుందని నేను అనుకోలేదు. లేదంటే వాడు రేపు క్లాసుకు వస్తాడు. ఉందంటే ఈ రాత్రికే బస్సెక్కుతాడు. గుమ్మంలో అయ్యగారు ఒక జవాబు కోసం, గేటు దగ్గర ఆయన ఇంకో జవాబు కోసం చూస్తున్నారు. నాన్న మాట గుర్తొచ్చింది. ఏదో ఒకటి చెప్పేస్తే అబద్ధ సాక్ష్యం.

"ఉండాదన్నా. రోజూ పొద్దున మీవాడి కోసరం ప్రార్థన జేస్తా ఉండా. నాకుండే వాటిల్లో అన్నిటికన్నా మంచిది అది. వాడికి ఇయ్యాలని ఉండాది. కానీ పాఠాన్ని ఎరగా పెట్టి అడగను."

ఆయన తువ్వాలు విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

"అబద్ధం జెప్తారనుకున్నా" అన్నాడు చివరికి. "జెప్పుంటే తీసకపోదును. సరే సార్. మీరు అడగనంత కాలం మావాడు మీ పక్కన్నే నిలబడతాడు. అడిగిన రోజు పడవెక్కతాడు. ప్రార్థనంటారా, అది మీకూ మీ దేవుడికీ మధ్య. దానికి నేనెందుకు అడ్డం?"

"ఈ చర్చిలో వద్దు నాయనా, ఊర్లో నవ్వతా ఉండారు, యాడన్నా వేరే చోట" అన్నాడు కొడుకు.

"యాడైనా సరే. ఆ మాట మాత్రం యాడా వద్దు" అన్నాడాయన. నా వైపు చూశాడు. నేను ఒప్పుకున్నాను.

అప్పటి నుంచి సాయంత్రాలు మా ఇంటి వరండాలో కూర్చునేవాళ్లం. కాలేజీలో ఇంగ్లీషులో చెప్పిన పాఠమే మళ్లీ ఒక్కొక్క వాక్యం చెప్పి ఆగేవాణ్ణి. ఒకడు లేచి నా ఎడమ పక్కన నిలబడేవాడు. చొక్కా చెయ్యి మళ్లీ నలిగింది. మా ఇంట్లో ఏ పనైనా ప్రార్థనతోనే మొదలయ్యేది. ఇక్కడ పైకి చేస్తే ఆ మాట దాటినట్టు అవుతుందేమోనని కళ్లు మూసుకుని ఊరకే కూర్చునేవాణ్ణి. "సారు పాఠం గుర్తు తెచ్చుకుంటా ఉండాడు, గమ్ముగుండండి రా" అని పిల్లలు ఒకరినొకరు హెచ్చరించుకునేవాళ్లు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

అయ్యగారు దారిన పోతూ ఒకరోజు ఆగి చూశారు. వాళ్లంతా వెళ్లిపోయాక అన్నారు. "అన్ని వాక్యాలూ తర్జుమా చేస్తా ఉండావు. ఒక్క వాక్యం దాచిపెట్టి."

ఆయన్ను తప్పుపట్టలేను. మైపాడు వాడి తండ్రికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం విశ్వాసి ధర్మం. తెలిసిన మంచిని చెప్పడం కూడా విశ్వాసి ధర్మమే. ఈ రెండూ ఎదురుబొదురు నిలబడితే మధ్యన అర్థం చెప్పేవాడెవడు? దేవుణ్ణి అడిగాను. మామూలుగా నా ప్రార్థనలకు ఏదో ఒక నెమ్మది దొరికేది. ఈ విషయంలో దొరకలేదు. మార్చి దాకానే గదా, పరీక్ష అయిపోతే ఆ మాటకు గడువు తీరిపోతుంది, అప్పుడు వాడు నా విద్యార్థి కాదు, మార్కులూ ఉండవు, మనిషిని మనిషి అడిగినట్టు అడుగుతాను, అని నాకు నేను చెప్పుకున్నాను. ఏమని అడగాలో కూడా తయారు చేసి పెట్టుకున్నాను. చిన్న వాక్యం. ఎవరైనా తర్జుమా చేయగలిగినంత చిన్నది.

పరీక్షలు అయ్యాయి. వరండాలో కూర్చున్నవాళ్లలో ఇంగ్లీషు పేపరులో తప్పినవాళ్లు ఉన్నారు. ఫిజిక్సులో ఎవరూ తప్పలేదు. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ మీటింగులో సి సెక్షను ఫలితాలు చదివి, "చూశారా, ఇంగ్లీషులోనే చెప్తే పాసు కాకుండా పోతారా" అన్నారు. నేను లేచి ఏదో అనబోయాను. పక్కనున్న లెక్కల మాస్టారు నా చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. మార్చి దాకా ఆ చెయ్యి పట్టుకుని ఆపినవాళ్లంతా అర్థం కోసం ఆపారు.

ఎండలు తగ్గుతున్న రోజుల్లో మైపాడు వాడు మా ఇంటికి వచ్చాడు. వాడు అన్నిట్లో పాసయ్యాడు. చేతిలో ఎండు రొయ్యల సంచీ. నేను వరండాలో నిలబడి ఉన్నాను. వాడు వచ్చి, అలవాటు ప్రకారం, నా ఎడమ పక్కన నిలబడ్డాడు.

పడవెక్కకుండా దాటాడు. దేవునికి మనసులో స్తోత్రం చెప్పుకున్నాను. ఇక నేను ఇచ్చిన మాట తీరిపోయింది. ఇన్నాళ్లు దాచిన వాక్యం గొంతులోకి వచ్చింది.

"బాబూ, నేను నిన్నొకటి..." అన్నాను.

"సార్, నేను ముందు చెప్పేస్తా, మర్చిపోతా" అన్నాడు వాడు. "మా నాయన చెప్పి రమ్మన్నాడు. బియస్సీ ఈడ్నే చేరస్తాడంట. మీ వరండా ఉండాది గదా అన్నాడు. అడగనని ఇచ్చిన మాట మాత్రం ఇంకో మూడేండ్లు అట్నే ఉండాలని సారుకి చెప్పు, సారు మాట తప్పే మనిషి కాదు, అన్నాడు."

వాడి మొహం వెలిగిపోతోంది. తండ్రి నన్ను మెచ్చుకున్న మాటను మోసుకొచ్చానని వాడి సంతోషం.

"మీరేందో అంటా ఉండారు సార్?"

వాడు మెడ కొంచెం నా వైపు వంచి, వాక్యం పూర్తి కాగానే అందుకోవడానికి సిద్ధంగా ఆగాడు. నేనే నేర్పిన పద్ధతి అది. బయటి నుంచి ఏదైనా వచ్చి కదిలించేదాకా ఉన్నచోటే ఉండిపోవాల్సిన వస్తువులా నా వాక్యం గొంతులో ఉండిపోయింది.

"ఏం లేదు" అన్నాను. "ఆ రొయ్యలు లోపల మా ఇంటామెకి ఇచ్చి రా. కూర్చుందాం."